ఎవరూ ముట్టుకోలేదు

ఆ వీధిలో అందరూ ఆయన్ని చుక్క బాబాయి అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరు విని, సాయంత్రమైతే మందు అలవాటుందేమో అనుకుని కాస్త దూరంగా మసలుతారు. పాపం, ఆయన టీ కూడా రెండోసారి అడగడు. కుట్టుమిషన్లు బాగుచేయడం ఆయన పని. సూది విరిగినా, దారం తెగినా, చక్రం బిగుసుకుపోయినా ఆయన మొదటి మాట ఒక్కటే: “ఒక్క చుక్క నూనె వేసి చూద్దాం.” నూటికి డెబ్బై మిషన్లు ఆ చుక్కకే దారికొస్తాయి. మిగతా ముప్పై కూడా వస్తాయి గానీ, వాటికి నూనెతో పాటు నాలుగు తిట్లు కూడా పడాలి.

ముప్పై ఒక్కేళ్ల పనిలో ఆయన మిషన్ల గురించి ఎన్ని నేర్చుకున్నాడో గానీ, మనుషుల గురించి మాత్రం ఒక్కటి గట్టిగా నేర్చుకున్నాడు. పాడైన మిషను తెచ్చినవాళ్లు నిజం చెప్పరు. “ఎవరూ ముట్టుకోలేదండీ, దానంతట అదే ఆగిపోయింది” అంటారు. తీరా మూత తీస్తే లోపల విరిగిన తలపిన్ను ఉంటుంది, పిల్లాడి బలపం ముక్క ఉంటుంది, ఒకసారైతే సగం కొరికిన బిస్కెట్టు దొరికింది. “అవునమ్మా, బిస్కెట్టు దానంతట అదే నడుచుకుంటూ వెళ్లింది” అని బాబాయి వాళ్ల ముఖం మీదే అనేవాడు. ఆ మాటకు వాళ్ల ముఖాలు మాడిపోతుంటే ఆయనకు భలే సంబరం.

ఇప్పుడు ఆయన ఇంట్లోనే ఒక మిషను మొరాయించింది. కుట్టుమిషను కాదు, కంప్యూటరు. కూతురు కాలేజీలో చేరిన ఏడు కొన్నది, తొమ్మిదేళ్లయింది. మీట నొక్కి, బట్టలు ఉతికి ఆరేసి వస్తే అప్పటికి తెర మీద బొమ్మ పడేది. లోపలి ఫ్యాను ఎంత గోల చేసేదంటే, పక్క గదిలో పసిపిల్ల ఆ మోతకు అలవాటుపడి, అది ఆగితేనే లేచి ఏడ్చేది.

ఆ పసిపిల్ల ఆయన మనవరాలు. ఏడాది కిందట కూతురు దాన్ని చంకనేసుకుని, ఒక సంచి పట్టుకుని అత్తారింటి నుంచి వచ్చేసింది. ఏం జరిగిందని అడిగితే “ఇప్పుడొద్దు నాన్నా” అంది. ఆ తర్వాత ఆయన నాలుగైదుసార్లు అడిగాడు, నాలుగైదుసార్లూ అదే జవాబు. బాబాయికి అది మింగుడుపడలేదు. ఎదురుగా ఆగిపోయిన మిషను ఉండి, మూత తీయనివ్వకపోతే ఆయన ప్రాణం ఎట్లా ఉంటుంది? అల్లుడితో మాట్లాడతానన్నాడు, వద్దంది. తన పని నేర్పిస్తానన్నాడు, వద్దంది. తెలిసినవాళ్ల దుకాణంలో కూర్చోబెడతానంటే, “నా సంగతి నేను చూసుకుంటా నాన్నా” అని పిల్లకు పాలు పట్టడానికి లోపలికి వెళ్లిపోయింది.

చూసుకోవడానికి ఇన్నాళ్లకు దారి దొరికింది. వినపడని విద్యార్థుల కోసం ఒక సంస్థ ఉంది. టీచరు పాఠం చెబుతుంటే, వింటూ అప్పటికప్పుడు టైపు చేసేవాళ్లు దానికి కావాలి. ఇంట్లో కూర్చునే చేయొచ్చు, పిల్లను వదిలి వెళ్లనక్కర్లేదు. కూతురి వేళ్లు మహా వేగం. దరఖాస్తు చూసి వాళ్లు పరీక్షకు పిలిచారు. గురువారం పొద్దున పదకొండు గంటలకు. కంప్యూటర్లో ఎనిమిది జీబీ మెమరీ ఉండాలన్నారు, కెమెరా ఉండాలన్నారు. పరీక్ష జరిగినంతసేపూ గదిలో ఇంకో మనిషి కనపడకూడదు, ఇంకో గొంతు వినపడకూడదు. ఆ రోజు తప్పిపోతే మళ్లీ ఏడాది తర్వాతే.

వీళ్ల కంప్యూటర్లో ఉన్నది రెండు జీబీ. కెమెరా అసలే లేదు.

కొత్తది కొనే మాట ఎవరూ ఎత్తలేదు. బాబాయి భార్య ఆసుపత్రిలో దుప్పట్లు, గౌన్లు కుడుతుంది. ఆమె జీతం అద్దెకు, పాలకు సరిపోయి ఊరుకుంటుంది. బాబాయి తన దగ్గరున్న పాత కుట్టుమిషన్లలో కాస్త నదురుగా ఉన్నదాన్ని తుడిచి, రంగేసి అమ్మేశాడు. వచ్చిన డబ్బు జేబులో పెట్టుకుని, కూతుర్నీ మనవరాలినీ వెంటబెట్టుకుని, పాత సామాన్ల సందులో ఉన్న పార్టులక్క దగ్గరికి వెళ్లాడు.

పార్టులక్కకు ముప్పై ఐదేళ్లుంటాయి. ఇరుకు దుకాణం, నేల నుంచి పైకప్పు దాకా విప్పిన కంప్యూటర్లు. బేరమాడేవాళ్లంటే ఒంటికాలి మీద లేస్తుంది గానీ, నిజంగా లేనివాళ్లను ఇట్టే పోల్చుకుంటుంది. కూతురు చెప్పిందంతా విని, ఒక కాగితం ముక్క తీసుకుంది.

“ముందు మెమరీ. నాలుగు జీబీలవి రెండు ఇస్తా. వాడినవే, నేను చూసి పెట్టినవే. తర్వాత ఈ చిన్న డిస్కు. మీ పాత డిస్కు తీసేసి ఇది పెడితే, మీట నొక్కి మీరు బట్టలు ఉతుక్కోనక్కర్లేదు. కావలసినవన్నీ ఇందులో నేనే ఎక్కించిస్తా. డబ్బా, తెర, కీబోర్డు ఉన్నవే వాడుకోండి. వాటికి దమ్మిడీ పెట్టొద్దు.”

“మరి కెమెరా?” అంది కూతురు.

పార్టులక్క లెక్క చూసి పెదవి విరిచింది. “ఇవన్నీ బిగించిచ్చే కూలీతో కలిపితే మీ డబ్బు అయిపోయింది. కెమెరాకి మిగల్లేదు.”

“బిగించే కూలీ తీసెయ్యమ్మా” అన్నాడు బాబాయి వెంటనే. “దాంతో కెమెరా వస్తుందా?”

“సరిగ్గా వస్తుంది.”

“అయితే ఇంకేం! బిగించడం మనకు రాదా? ముప్పై ఏళ్లుగా చేస్తున్నది అదేగా.”

పార్టులక్క ఆయన్ని ఎగాదిగా చూసి, మెమరీ ఎట్లా పెట్టాలో రెండుసార్లు చూపించింది. రెండు పక్కలా ఉండే చెవులు టక్కుమని మూసుకునేదాకా నొక్కాలని, మీట నొక్కగానే డబ్బా ఒక్కసారి కూస్తే అంతా క్షేమమని, మూడు కూతలు కూస్తే మెమరీ సరిగ్గా కూర్చోలేదని చెప్పింది. బాబాయి తలూపాడు గానీ, ఆయన చెవులు సగమే అక్కడున్నాయి. మనసులో అప్పుడే మూత విప్పడం మొదలుపెట్టాడు.

మర్నాడు బుధవారం. పొద్దున్నే భార్య పనికి వెళ్లగానే ఆయన ముందుగదిలో పాత దుప్పటి పరిచి, డబ్బాను పడుకోబెట్టి పక్క రేకు విప్పాడు. లోపల తొమ్మిదేళ్ల దుమ్ము, పరుపులోని దూదిలా. మిషన్లు తుడిచే బ్రష్షుతో మూలమూలా తుడిచాడు. ఫ్యాను ఊడదీసి, మధ్యలోని కాగితం బిళ్ల పైకెత్తి, ఒక్క చుక్క నూనె వేసి వేలితో తిప్పాడు. అంత గోల చేసే ఫ్యాను చప్పుడు లేకుండా గిర్రున తిరిగింది. బాబాయి ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది.

ఆ ఉబ్బుతోనే మెమరీ పట్టాడు. సన్నటి గాడిలో నిలబెట్టి నొక్కితే అది కూర్చోలేదు. ఇంకాస్త నొక్కాడు. బోర్డు కిర్రుమంది. చటుక్కున చెయ్యి తీసేశాడు. కూతురు లోపల పిల్లను నిద్రపుచ్చుతోంది. ఒకసారి పిలిచి అడుగుదామా అనుకున్నాడు. బిగుసుకుపోయిన దాన్ని ఎట్లా వదులు చేయాలో కూడా కూతుర్ని అడగాలా? ముప్పై ఒక్కేళ్ల చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. నూనెడబ్బా తీసి, ఒక్కో గాడిలో ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, మధ్యలో ఒకటి, మూడేసి చుక్కలు వేశాడు. మెమరీ వెన్నలో కత్తిలా దిగింది. చెవులు టక్కుమని మూసుకున్నాయి. డిస్కు బిగించాడు, తీగలు తగిలించాడు, చేతులు తుడుచుకుని “అమ్మలూ, రా!” అని కేకేశాడు.

కూతురు వచ్చి మీట నొక్కింది. ఫ్యాను మెత్తగా తిరిగింది. తర్వాత డబ్బా మూడుసార్లు గట్టిగా కూసింది. తెర నల్లగానే ఉంది. మళ్లీ నొక్కింది. మళ్లీ మూడు కూతలు. తీసి పెట్టారు, తిప్పి పెట్టారు, ఒకటే పెట్టి చూశారు. పాత మెమరీ పెట్టినా అదే కూత. పిల్ల లేచి ఏడుపు మొదలుపెట్టింది. కూతురు గోడ గడియారం వంక ఒకసారి చూసింది, అంతే. ఆ చూపు బాబాయికి ములుకులా గుచ్చుకుంది.

మధ్యాహ్నం రెండింటికి ఆయన ఆ డబ్బాను భుజాన వేసుకుని పార్టులక్క దుకాణం మెట్లెక్కాడు. వెనకాలే కూతురు, చంకలో పిల్ల.

పార్టులక్క డబ్బాను బల్ల మీద పెట్టి అడగాల్సిందే అడిగింది. “పెట్టేటప్పుడు ఏమైనా జరిగిందా బాబాయ్? కింద పడిందా, నీళ్లేమైనా తగిలాయా?”

“అబ్బే, ఏం లేదమ్మా” అన్నాడు బాబాయి. “నువ్వు చెప్పినట్టే పెట్టాను. దానంతట అదే కూస్తోంది.”

అన్నాక ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. ఎవరిదో వెంటనే తెలిసింది. ముప్పై ఒక్కేళ్లుగా తన బల్ల ముందు నిలబడి ఆ మాట అన్న ఆడవాళ్లందరూ వరసగా గుర్తొచ్చారు. వాళ్లు తనను మోసం చేయడానికి అలా అంటున్నారనుకున్నాడు ఇన్నాళ్లూ. కాదు. సిగ్గుతో నోరు పెగలక అన్నారు. ఈ సంగతి తెలియడానికి ఇంతకాలం పట్టిందా అని ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వేసినా నోరు మాత్రం తెరవలేదు.

పార్టులక్క మెమరీలు తీసి, అలవాటు కొద్దీ వాటి అంచుల్ని గుడ్డతో, రబ్బరుతో తుడిచి తన కంప్యూటర్లో పెట్టి చూసింది. రెండూ పనిచేశాయి. తిరిగి వీళ్ల డబ్బాలో పెడితే మూడు కూతలు. కరెంటు పెట్టె మార్చి చూసింది, డిస్కు తీసి చూసింది. అరగంట గడిచింది. చివరికి వెనక్కి వాలి, కూతురి వైపు తిరిగింది.

“బోర్డు పోయిందమ్మా. పాతదే ఇంకోటి వెయ్యొచ్చు. కానీ నిన్న మీరు పెట్టిందంతా మళ్లీ పెట్టాలి.”

కూతురు పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. “వద్దులే అక్కా. రేపు రాలేనని వాళ్లకు రాసేస్తాను. వచ్చే ఏడాది చూద్దాం.” గొంతు మామూలుగానే ఉంది. పాల ధర పెరిగిందని చెప్పే గొంతు. “నిన్న కొన్నవి మీరే వాపసు తీసుకుంటారా?”

బాబాయి ఇక ఆగలేకపోయాడు.

“బోర్డు పోలేదు. నేనే… నూనె వేశానమ్మా.”

పార్టులక్కకు అర్థం కాలేదు. “ఎక్కడ?”

“ఆ గాడుల్లో. దిగట్లేదని. ఒక్కోదానిలో మూడు చుక్కలు.” తల వంచుకునే చెప్పాడు. “ఇందాక అడిగితే లేదన్నాను. అబద్ధం చెప్పాను. అరగంట నీ పని పాడుచేశాను. అమ్మలూ, నీ పరీక్ష కూడా పోగొట్టేవాణ్ని.”

కూతురు తండ్రి వైపు చూసింది. తిట్టినా బాగుండేది. పార్టులక్క లైటు దగ్గరికి లాక్కుని గాడుల్లోకి తొంగి చూసింది. చూసి, ఒక్కసారిగా పకపకా నవ్వింది.

“కుట్టుమిషన్ నూనేనా? కొబ్బరినూనె కాదుగా? అదైతే గడ్డకట్టి చచ్చేదాన్ని. ఇది కడిగేస్తే పోతుంది బాబాయ్. మొదటే చెబితే ఈపాటికి ఇంట్లో ఉండేవాళ్లు!”

స్పిరిట్టు సీసా తీసి, సన్నటి బ్రష్షుతో గాడుల్ని కడగడం మొదలుపెట్టింది. మూడు దఫాలు కడగాలంది, మధ్యమధ్య ఆరనివ్వాలంది. కూతురు పిల్లను నేల మీద కూర్చోబెట్టి, బల్ల పక్కకు వచ్చి నిలబడి చూస్తోంది. బాబాయి ఎక్కడ నిలబడాలో తెలియక తలుపు దగ్గరే ఉండిపోయాడు.

“ఊరికే నిలబడ్డారేం?” అంది పార్టులక్క తలెత్తకుండా. “ఫ్యాన్‌కి నూనె వేసింది మీరేనా? భలే తిరుగుతోంది. ఆ మూల అట్టపెట్టెలో పాతిక గోల ఫ్యాన్లున్నాయి. నూనెడబ్బా తెచ్చారుగా, జేబులోంచి కనపడుతోంది. కానివ్వండి.”

బాబాయికి ప్రాణం లేచొచ్చింది. గడప మీద కూర్చుని ఒక్కో ఫ్యాను విప్పి, ఒక్కో చుక్క వేసి, తిప్పి చెవి దగ్గర పెట్టుకుని విని పక్కన పెట్టాడు. పదిహేడో ఫ్యాను మీద ఉండగా వెనకనుంచి డబ్బా కూసింది. ఒక్కసారే. ఆయన చెయ్యి ఆగింది. రెండోది వినపడలేదు. పార్టులక్క కూలీ తీసుకోలేదు. మిగతా ఎనిమిదీ పూర్తిచేసే లేచాడు ఆయన.

గురువారం పొద్దున పదిన్నరకే బాబాయి తన సరంజామాతో, మనవరాలితో వరండాలోకి వచ్చేశాడు. ముందుగది తలుపు మూసి కూతురు లోపల కూర్చుంది. తలుపుకు గొళ్లెం లేదు, బయట నుంచి తిప్పితే తెరుచుకునే పిడి ఒక్కటే. “ఏం జరిగినా లోపలికి రావద్దు నాన్నా. మనిషి కనపడితే పరీక్ష రద్దు. గొంతు వినపడినా రద్దే. మధ్యలో ఆగిపోతే పది నిమిషాల్లో మళ్లీ మొదలుపెట్టనిస్తారు, అంతే” అని రెండుసార్లు చెప్పింది. ఆయన రెండుసార్లూ బుద్ధిమంతుడిలా తలూపాడు.

పదకొండు కాగానే కీబోర్డు మోగడం మొదలైంది. బాబాయి చెవి మిషన్ల చెవి. కుట్టుమిషను చప్పుడు విని కుట్టేవాళ్ల మనసు చెప్పగలడు. కూతురి చేతి కింద మీటలు మంచి మిషను మీద పొడుగాటి కుట్టు పడినట్టు తడబడకుండా సాగుతున్నాయి. ఆయన గోడకు ఆనుకుని, పిల్లను ఒళ్లో పెట్టుకుని వింటున్నాడు. ఇరవై నిమిషాలు. ఇరవై ఐదు.

చప్పుడు ఆగింది.

ఊపిరి తీసుకుంటోందేమో అనుకున్నాడు. ఊపిరికి అంతసేపు పట్టదు. ఫ్యాను మోత కూడా ఆగింది. తర్వాత మళ్లీ తిరిగింది, వెంటనే డబ్బా మూడుసార్లు కూసింది.

బాబాయి ఎప్పుడు లేచాడో ఆయనకే తెలియదు. చంకలో పిల్ల, కుడిచెయ్యి తలుపు పిడి మీద. ఏమై ఉంటుందో తెలుసు. నూనె చెమ్మ ఎక్కడో మిగిలి ఉంటుంది. తన చెమ్మే. తీసి, తుడిచి, గట్టిగా నొక్కితే అయిపోతుంది. నిమిషం పని. తెర ఆగిపోయింది కదా, కెమెరా కూడా ఆగినట్టేనా? ఎవరు చూస్తారు? పిడి కాస్త తిప్పాడు. లోపల ఏదో స్క్రూ నేల మీద పడి దొర్లింది. ఆగినా వాళ్లకు కనపడుతుందేమో. గొంతు వినపడినా రద్దే అంది. “తీసి తుడువు” అని ఒక్క మాట, గుసగుసగా అయినా చెప్పగలిగితే! ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నోరు మూసుకున్నాడు. నిన్న నోరు తెరవడానికి కూడా ఇంత కష్టపడలేదు.

పిడి వదిలేశాడు. చెయ్యి ఖాళీగా ఉంటే మళ్లీ పిడి మీదికే పోతుందని దాన్ని పిల్ల వీపు మీద వేశాడు.

లోపల రేకు గీరుకున్న చప్పుడైంది. నిశ్శబ్దం. టక్. ఇంకో టక్. పిల్ల ఏడవడానికి మూతి విప్పబోతుంటే దాని నోటికి తన చూపుడువేలు అందించాడు. కొత్తగా వచ్చిన పళ్లతో కసుక్కున కొరికింది. కిక్కురుమనలేదు ఆయన.

డబ్బా ఒక్కసారి కూసింది. కాసేపటికి మీటలు మోగాయి. మొదట తడబడ్డాయి, తర్వాత దారిలో పడ్డాయి.

పన్నెండు దాటాక తలుపు తెరుచుకుంది. కూతురి జుట్టు నుదుటికి అతుక్కుపోయింది, వేళ్ల చివర్లు నల్లగా మసి. “అయింది నాన్నా. తప్పులు పట్టేది వాళ్ల కంప్యూటరేగా, వెంటనే చెప్పేసింది. తీసుకున్నారు. సోమవారం నుంచి పని” అని గోడకు జారగిలబడి కూర్చుంది.

బాబాయికి ఏడుపూ నవ్వూ కలగాపులగంగా వచ్చాయి. మనవరాలి తల మీద ముఖం పెట్టుకుని కాసేపు ఆ రెండూ కానిచ్చాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

“మధ్యలో ఆగిపోయిందిగా.”

“ఊ. కడగడం నిన్న అక్క చేస్తుంటే చూశాగా. తీసి చీరకొంగుకు తుడిచి పెట్టా. తొమ్మిదో నిమిషంలో మళ్లీ పరీక్షలోకి వెళ్లగలిగా.”

“నేను…” అన్నాడు ఆయన. ఇంకో నిజం కూడా చెప్పేయాలనిపించింది. “నేను పిడి తిప్పానమ్మలూ. వచ్చేసేవాణ్ని.”

“తెలుసు.” ఆమె మసి వేళ్ల వంక చూసుకుంటోంది. “పిడి కదలడం చూశా. అప్పటికే చేతులు వణుకుతున్నాయి, అది చూశాక ఇంక స్క్రూ పట్టుకోలేకపోయా. కింద పడేశా. ఇంక నాన్న వచ్చేస్తాడు, అయిపోయింది అనుకున్నా.”

ఆయన తల దించుకున్నాడు.

“నువ్వు రాలేదు” అంది కూతురు. “పిడి వెనక్కి తిరిగిపోయింది. ఇంక నేనే చేసుకోవాలి, చేసుకోగలనని నాన్న కూడా అనుకుంటున్నాడు అనిపించింది. అప్పుడు ఆగింది వణుకు.”

ఆయన అలా అనుకోలేదు. ఆ తలుపు వెనక ఆయన అనుకున్నవి వేరు, భయం తప్ప ఇంకేమీ లేదు. ఆ మాట కూడా చెప్పేద్దామని నోరు తెరిచి, కూతురి ముఖం చూసి, ఈ ఒక్కటి మాత్రం చెప్పకుండా ఉంచుకున్నాడు.

కూతురు చేతులు చాచి పిల్లను తీసుకుని ఒళ్లో పడుకోబెట్టుకుంది. “నాన్నా, అత్తారింట్లో ఏం జరిగిందో అడిగావుగా” అంది. “కూర్చో. చెబుతాను.”

బాబాయి పక్కన కూర్చున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఏమీ అడగకుండా విన్నాడు.